తార్నాక దాకా రాని టూరిస్టు బస్సు

ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళ చేతిలో ఒక్క పూటే ఉంటే ఏం చూపించాలి? పాత నగరాలన్నీ ఈ ప్రశ్నకు తమదైన జవాబొకటి సిద్ధం చేసి పెట్టుకుంటాయి. పొద్దున ఎనిమిదికో తొమ్మిదికో బయల్దేరి మధ్యాహ్న భోజనం వేళకు ముగిసే టూరే ఆ జవాబు. కిటికీలోంచి కనిపించిన నాలుగు కట్టడాలు, గైడు చెప్పిన పది మాటలు - చాలామందికి ఆ నగర చరిత్రలో జీవితాంతం గుర్తుండేది అంతే. కనుక ఆ దారిలో ఏది ఉంది, ఏది లేదన్నది తేలిగ్గా తీసిపారేసే విషయం కాదు. హైదరాబాద్ గీసుకున్న దారి అందరికీ తెలిసిందే. 1591 నాటి చార్మినార్, దాని పక్కన మక్కా మసీదు, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం, అక్కణ్నుంచి గోల్కొండ, కుతుబ్‌షాహీ సమాధులు. ఒక్కటి కూడా తీసెయ్యదగ్గది కాదు. కానీ వాటిని కట్టించింది, వాటిలోని వస్తువులు కూడబెట్టింది సుల్తానులో, నిజాములో, వాళ్ళ దివాన్లో. ఆ దారిన తిరిగినవాళ్ళకు ఈ నగరంలో రాజులు ఎలా బతికారో తెలుస్తుంది, ఎలా సమాధయ్యారో తెలుస్తుంది. ఆ తర్వాత ఇక్కడి మనుషులు ఏం చదివారు, ఏం కనిపెట్టారు, దేనికోసం వీధుల్లోకి వచ్చారు అన్నది తెలియదు. నగరపు ఇరవయ్యో శతాబ్దం మొత్తాన్నీ బస్సు దాటేసి వెళ్ళిపోతోంది. ఆ శతాబ్దం తార్నాకలో, ఉస్మానియా విశ్వవిద్యాలయం ప్రాంగణంలో ఉంది. హైదరాబాద్ టూరుకు రెండో పూట ఒకటి కావాలనీ, అది తార్నాకలో మొదలై ఆర్ట్స్ కాలేజీ మెట్ల దగ్గర ముగియాలనీ నా వాదన.

ఈ పని బాగా చేసుకున్న నగరాల్లో స్కాట్లాండ్ రాజధాని ఎడిన్‌బరో ఒకటి. అక్కడి పూట టూరు చాలావరకు ఒకే వీధి మీద నడుస్తుంది. కొండ మీద రాతి కోట దగ్గర మొదలై, రాయల్ మైల్ అనే పాత వీధి వెంట కిందికి దిగి, రాజుల, రాణుల నివాసమైన హోలీరూడ్ ప్యాలెస్ దగ్గర ఆగుతుంది. దారిలో సెయింట్ జైల్స్ చర్చి ఉంటుంది. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ విగ్రహం, అర్థశాస్త్రవేత్త ఆడమ్ స్మిత్ విగ్రహం కూడా ఉంటాయి. చివర్లో, రాజభవనానికి సరిగ్గా ఎదురుగా, 2004లో ప్రారంభమైన స్కాటిష్ పార్లమెంటు భవనం కనిపిస్తుంది. కోట నుంచి బయల్దేరిన మనిషి ఎన్నికైన సభ ముందు ఆగుతాడు. మధ్యలో పండితుల్ని పలకరించి వస్తాడు. రాచరికం నుంచి పౌరుల దాకా వచ్చిన ప్రయాణాన్ని గైడు విడిగా వివరించనక్కర్లేదు, ఆ దారే చెప్పేస్తుంది. మన దారి రాజు కట్టిన కమాను కింద మొదలై రాజు సమాధి దగ్గర ముగుస్తోంది. చరిత్ర తక్కువై ఇలా జరగలేదు, ఉన్న చరిత్రలో సగాన్నే ఎంచుకోవడం వల్ల జరిగింది.

ఎడిన్‌బరో పేరు ఎత్తడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆ నగరాన్ని ఎలా చూడాలో అక్కడివాళ్ళకు నేర్పిన పాట్రిక్ గెడ్డిస్‌కూ ఉస్మానియా ప్రాంగణానికీ సంబంధం ఉంది. జీవశాస్త్రం చదివి నగర ప్రణాళికల వైపు వచ్చిన గెడ్డిస్, 1892లో రాయల్ మైల్ పైకొసన ఉన్న ఒక కట్టడాన్ని తీసుకుని ఔట్‌లుక్ టవర్‌గా మార్చాడు. సందర్శకులు ముందు పై అంతస్తుకు ఎక్కుతారు. అక్కడ అద్దాల అమరికతో నగరం మొత్తం ఒక బల్ల మీద కదిలే బొమ్మలా కనిపిస్తుంది. తర్వాత ఒక్కో అంతస్తూ దిగుతుంటే మొదట ఎడిన్‌బరో, ఆపైన స్కాట్లాండ్, ఆపైన యూరప్, చివరికి ప్రపంచం గురించిన ప్రదర్శనలు ఉండేవి. ముందు నీ ఊరిని చూడు, దాని మీదుగా లోకాన్ని చూడు అన్నది ఆయన పద్ధతి. ఊళ్ళో కాలినడకన తిరిగి, అక్కడ బతికేవాళ్ళను గమనించకుండా ఆ ఊరికి ప్రణాళిక గీయకూడదని ఆయన పట్టు. 1914 నుంచి పదేళ్ళపాటు భారతదేశంలో పదుల కొద్దీ పట్టణాల మీద నివేదికలు రాశాడు. 1920ల మొదట్లో హైదరాబాద్ ప్రభుత్వం కొత్త విశ్వవిద్యాలయానికి స్థలం వెతుకుతున్నప్పుడు అడిక్‌మెట్ భూముల ఎంపికలో ఆయన సలహా ఉంది. నగరాలను నడిచి చదవాలన్నవాడు చూసి మెచ్చిన స్థలానికి ఈ నగరపు టూరిస్టు బస్సు రాకపోవడం బాధగా ఉంది.

ఆ భూముల కథ గెడ్డిస్‌తో మొదలు కాలేదు. అడిక్‌మెట్ ఒకప్పుడు మహలఖా బాయి చందా జాగీరులో భాగమని చరిత్రకారులు చెబుతారు. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆమె నాట్యకత్తె, గాయని, ఉర్దూ గజళ్ళను దివాన్‌గా, అంటే సంపుటిగా, కూర్చిన తొలి మహిళల్లో ఒకరు. నిజాముల దర్బారులో రాజకీయ సలహాలు చెప్పగలిగిన మనిషి. సమాధి మౌలాలి కొండ పాదాన ఉంది. ఆడపిల్లలు చదువుకోవడమే అరుదైన కాలంలో ఒక కవయిత్రికి దక్కిన నేల మీద నేడు వేల మంది అమ్మాయిలు పట్టాలు అందుకుంటున్నారు. గైడు ఆగి రెండు నిమిషాలు చెప్పదగ్గ సంగతి కాదా ఇది?

తార్నాక మెట్రో స్టేషన్‌లో దిగినవాళ్ళకు మొదట కనిపించేవి ఫ్లాట్లు, టిఫిన్ సెంటర్లు, కోచింగ్ బోర్డులు. పైపైన చూస్తే చరిత్ర జాడ ఏమీ ఉండదు. కానీ దేశం తిండి గురించీ మందుల గురించీ నేర్చుకున్న సంగతుల్లో పెద్ద వాటా ఈ చుట్టుపక్కల నుంచే వచ్చింది. 1944లో, రెండో ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తుండగానే, నిజాం ప్రభుత్వం శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన కోసం కేంద్ర ప్రయోగశాలలను నెలకొల్పింది. సయ్యద్ హుస్సేన్ జహీర్ నాయకత్వంలో అవి ఎదిగాయి. 1956లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీఎస్‌ఐఆర్ చేతికి వచ్చాక రీజనల్ రిసెర్చ్ లేబొరేటరీ అయ్యాయి. 1989 నుంచి దాని పేరు ఐఐసీటీ అయినా పాతకాపులు ఇప్పటికీ ఆర్‌ఆర్‌ఎల్ అనే అంటారు. ఎ.వి. రామారావు డైరెక్టరుగా ఉన్న రోజుల్లో ఎయిడ్స్ మందు ఏజెడ్‌టీని దేశంలోనే తయారుచేసే పద్ధతిని ఇక్కడి రసాయన శాస్త్రవేత్తలు రూపొందించి సిప్లా కంపెనీకి అందించారు. ఈ ప్రయోగశాలలోని జీవరసాయన విభాగమే విడివడి 1977లో పుష్పమిత్ర భార్గవ సారథ్యంలో సీసీఎంబీ అయింది. హైదరాబాద్‌ను మందుల రాజధాని అంటూ ఈరోజు చెప్పుకుంటున్నాం. ఆ మాట వెనుక ఉన్న చదువు ఎక్కడ మొదలైందో చూపించే ఏర్పాటు మాత్రం చేసుకోలేదు.

ఇంకో సంస్థ దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడాలి. జాతీయ పోషకాహార సంస్థ, మన నోట్లో ఎన్‌ఐఎన్. 1918లో తమిళనాడులోని కూనూరులో, రాబర్ట్ మెక్‌కారిసన్ ఒక చిన్న గదిలో బెరిబెరి వ్యాధి మీద మొదలుపెట్టిన పరిశోధన దీనికి మూలం. ఉస్మానియా పుట్టిన ఏడాదే అదీ పుట్టింది. 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టుకుంది. తెలంగాణ పల్లెల్లో జొన్నే ప్రధానాహారంగా బతికే పేదలకు చర్మం నల్లబడి పొలుసులు రాలే పెలగ్రా జబ్బు ఎక్కువగా రావడాన్ని ఇక్కడి వైద్యులు గమనించారు. పెలగ్రా మొక్కజొన్న తినేవాళ్ళ జబ్బని అప్పటిదాకా ప్రపంచం అనుకునేది. సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంఠయ్య కలిసి 1960లో లాన్సెట్ పత్రికలో రాసిన వ్యాసంలో జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లానికీ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. దాన్ని అలా ఉంచినా, ఇక్కడి కూలి కుటుంబం తినే జొన్నరొట్టె మీద మొదలైన ప్రశ్న ప్రపంచ వైద్య పత్రిక దాకా వెళ్ళిందన్నది వాస్తవం. విటమిన్ ఎ లోపంతో పసిపిల్లల చూపు పోకుండా పెద్ద మోతాదులో ఆ విటమిన్ చుక్కలు వేసే కార్యక్రమం దేశమంతటా 1970లో మొదలైంది. దానికి ఆధారమైన పరిశోధన ఈ సంస్థదే. ఏ ఆహారంలో ఎన్ని పోషకాలున్నాయో చెప్పే పట్టికల పుస్తకం ఇక్కడే తయారైంది. దేశంలో డైటీషియన్ల తరాలు దాన్ని చూసే రోగులకు భోజనం రాసిచ్చాయి. సాలార్‌జంగ్ మ్యూజియంలో ముసుగు వేసుకున్న రెబెకా పాలరాతి బొమ్మ ముందు జనం ఆగుతారు, ఆగాలి కూడా. పిల్లల కళ్ళు కాపాడిన చోటు ముందూ ఆగాలి.

తార్నాక వైపు నుంచి విశ్వవిద్యాలయం రోడ్డులోకి మలుపు తిరిగితే కథ భాష మీదికి వస్తుంది. 1917లో నిజాం ప్రభుత్వ ఉన్నతాధికారి అక్బర్ హైదరీ ప్రతిపాదన మీద ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానా ఇచ్చాడు. 1918లో విశ్వవిద్యాలయం ఏర్పడింది, 1919లో నగరం మధ్యలో అద్దె భవనాల్లో తరగతులు మొదలయ్యాయి. దేశంలోని విశ్వవిద్యాలయాలు దాదాపు అన్నీ ఇంగ్లిషులోనే పాఠం చెబుతున్న రోజులవి. ఉస్మానియా ఇంగ్లిషును తప్పనిసరి సబ్జెక్టుగా ఉంచి, చరిత్ర నుంచి వైద్యం దాకా అన్నీ ఉర్దూలో చెప్పింది. అందుకు పుస్తకాలు కావాలి కదా! 1917లోనే అనువాద శాఖను ప్రారంభించి మౌల్వీ అబ్దుల్ హఖ్‌కు అప్పగించారు. కవి జోష్ మలీహాబాదీ కూడా అందులో కొన్నేళ్ళు పనిచేశాడు. భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్, శరీరశాస్త్రం పుస్తకాలు వందల్లో ఉర్దూలోకి వచ్చాయి, వేలాది సాంకేతిక పదాలు కొత్తగా పుట్టాయి. భారతీయ భాషలో ఆధునిక ఉన్నత విద్య సాధ్యమేనని ఈ దేశంలో మొట్టమొదట చేసి చూపించింది ఇక్కడే. తెలుగులో ఇంజనీరింగ్ చెప్పడం కుదురుతుందా అని ఇవాళ వాదించుకునేవాళ్ళు వందేళ్ళ కిందటి ఈ ప్రయోగాన్ని తిరగేయకుండా వాదించడం నాకు వింతగా తోస్తుంది.

అయితే ఇదే కథకు రెండో ముఖం ఉంది, దాన్ని దాచిపెట్టే టూరు అబద్ధపు టూరవుతుంది. హైదరాబాద్ రాజ్యంలో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవాళ్ళు. ఉర్దూ తల్లిభాషగా ఉన్నవాళ్ళు కొద్దిమంది. దేశభాషలో చదువన్నది గొప్ప ఆశయమే, కానీ ఎంచుకున్న భాష ఆ రాజ్యంలో చాలామందికి ఇంట్లో వినిపించనిది. విశ్వవిద్యాలయం ఏర్పడిన మూడేళ్ళకే, 1921లో, నగరంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభ అల్లరి చేసి ఎగతాళి చేసింది. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది, అదే తర్వాత ఆంధ్ర మహాసభగా తెలంగాణ పల్లెలను కదిలించింది. అలాగని ఉస్మానియాలో తెలుగుకు చోటే లేదనడం కూడా సరికాదు. రాయప్రోలు సుబ్బారావు ఇక్కడి తెలుగు శాఖలో ఏళ్ళ తరబడి పాఠం చెప్పారు. జానపద గేయాల మీద బిరుదురాజు రామరాజు పరిశోధన ఈ ప్రాంగణంలోనే జరిగింది. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి. నారాయణరెడ్డి ఇక్కడే తెలుగు ఆచార్యుడయ్యారు. ఉర్దూ కవి మఖ్దూం మొహియుద్దీన్ కూడా ఈ విశ్వవిద్యాలయం విద్యార్థే. 1948లో హైదరాబాద్ రాజ్యం భారతదేశంలో కలిశాక బోధన ఇంగ్లిషుకు మారింది. ఒక భాషకు ఇచ్చిన గౌరవం, మూడు భాషలకు ఇవ్వని గౌరవం, చివరికి అన్నిటినీ పక్కకు నెట్టిన ఐదో భాష - ఈ మొత్తం చిక్కును ఒక్క ప్రాంగణంలో నిలబడి వివరించగలిగే అవకాశం దేశంలో ఎన్ని చోట్ల ఉంటుంది?

ఇక ఆర్ట్స్ కాలేజీ. ఈ భవనం పుట్టుకలోనే ఒక పెద్ద పర్యటన ఉంది. 1930 ప్రాంతంలో నిజాం ప్రభుత్వం జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని విదేశాలకు పంపింది. వాళ్ళు యూరప్, అమెరికా, తుర్కీ, ఈజిప్టు తిరిగి విశ్వవిద్యాలయాల కట్టడాలను పరిశీలించి వచ్చారు. రూపకల్పన బెల్జియన్ ఆర్కిటెక్ట్ ఎర్నెస్ట్ జాస్పర్‌కు దక్కింది. కైరో శివార్లలో 1910లో తెరిచిన హీలియోపోలిస్ ప్యాలెస్ హోటల్ ఆయన పనే, అది తర్వాత ఈజిప్టు అధ్యక్ష భవనమైంది. ఆర్ట్స్ కాలేజీకి 1934 జులై 5న శంకుస్థాపన జరిగింది, 1939 డిసెంబర్ 4న ప్రారంభోత్సవం జరిగింది. గులాబి ఛాయ ఉన్న స్థానిక గ్రానైటు, నడుమ కొండంత ఎత్తున లేచిన కొనదేలిన కమాను, లోపల అజంతా ఎల్లోరాలను గుర్తుచేసే స్తంభాలు. కైరో మసీదుల జ్ఞాపకం, దక్కను గుహల జ్ఞాపకం ఒకే రాతిలో కలిశాయి. రాజు కట్టించిన భవనమే అయినా రాజు ఉండటానికి కట్టింది కాదు. ఇక్కడి రాజుల సొమ్ములో ప్రజల పిల్లల కోసం ఖర్చయిన భాగం ఎంత అందంగా ఉండగలదో ఈ ఒక్క భవనం చూపిస్తుంది. చౌమహల్లా ఎంత మెరిసినా ఆ సంగతి చూపించలేదు.

ఆ రాజును ప్రశ్నించినవాళ్ళూ ఇక్కడివాళ్ళే. 1938 చివర్లో హాస్టళ్ళలో వందేమాతరం పాడొద్దన్నందుకు విద్యార్థులు సమ్మె కట్టారు. విశ్వవిద్యాలయం వందల మందిని బహిష్కరించింది. చాలామందికి నాగపూర్ విశ్వవిద్యాలయం సీట్లిచ్చి ఆదుకుంది. ఆర్ట్స్ కాలేజీ గోడలు ఇంకా లేస్తుండగానే ఇదంతా జరిగింది. 1953 జనవరిలో ఇదే విశ్వవిద్యాలయం అంబేడ్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. 1969లో ఉద్యోగాల్లో తెలంగాణకు ఇచ్చిన రక్షణల ఉల్లంఘన మీద మొదలైన ఆందోళన ఉస్మానియాకు చేరి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంగా మారింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఆ ఉద్యమ పార్టీ తెలంగాణ ప్రజాసమితి పది స్థానాలు గెలిచింది. భౌతికశాస్త్రంలో బంగారు పతకం అందుకున్న విద్యార్థి నాయకుడు జార్జి రెడ్డిని 1972 ఏప్రిల్ 14న ఈ ప్రాంగణంలోనే హత్య చేశారు. 2009 చలికాలంలో మళ్ళీ ఇక్కడే రాష్ట్ర ఉద్యమం రాజుకుంది. లాఠీలు, బాష్పవాయువు హాస్టళ్ళ దాకా వచ్చాయి. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థి గర్జన జరిగింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. స్కాట్లాండ్ ప్రజలు 1997లో ఓటు వేసి తమ పార్లమెంటును తెచ్చుకున్నారు, మన దారి వేరు, చెల్లించిన మూల్యం వేరు. అయినా రాజు కట్టిన గడప మీద నిలబడి ప్రజలు తమ రాజ్యాన్ని అడిగిన చోటు మనకూ ఉంది. మన టూరు అక్కడిదాకా రావడం లేదు, అంతే తేడా.

దీనికి అభ్యంతరాలు వస్తాయి. మొదటిది - వందేళ్ళు కూడా నిండని భవనం చరిత్ర ఏమిటని. నాలుగొందల ఏళ్ళ చార్మినార్ ఉండగా దీన్ని ఎవరు చూస్తారని. పూట టూరులో వయసే అర్హతయితే బ్రస్సెల్స్ తన అటామియాన్ని చూపించకూడదు. అది 1958 ప్రపంచ ప్రదర్శన కోసం కట్టిన లోహపు గోళాల నిర్మాణం, ఆర్ట్స్ కాలేజీ కన్నా దాదాపు ఇరవై ఏళ్ళు చిన్నది. జాస్పర్ దేశపు రాజధాని దాన్ని పాత నగర చౌరస్తాతో పాటు సగర్వంగా చూపిస్తోంది. ఎడిన్‌బరో అయితే 2004 నాటి పార్లమెంటునే చూపిస్తోంది. వియన్నాలో రింగ్‌స్ట్రాసె అనే వలయ రహదారి చుట్టూ బస్సు తిరిగేటప్పుడు ఒపెరా, పార్లమెంటులతో పాటు 1884లో తెరిచిన విశ్వవిద్యాలయం ప్రధాన భవనమూ దారిలో వస్తుంది. ఏ కాలాన్ని అర్థం చేసుకోవడానికి ఆ కట్టడం పనికొస్తుందన్నదే కొలత. ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాద్‌ను అర్థం చేసుకోవడానికి ఆర్ట్స్ కాలేజీకి సాటి వచ్చేది లేదు.

రెండో అభ్యంతరం బరువైనది. ఇది చదువుకునే చోటు, తరగతులు జరుగుతుంటే సెల్ఫీల కోసం జనం గుంపులుగా వస్తే ఏం బాగుంటుంది? నిజమే, విద్యార్థులు మ్యూజియం బొమ్మలు కారు. కానీ దీనికి ఎప్పుడో దారి కనుక్కున్న ఊళ్ళున్నాయి. ఐర్లాండ్ రాజధాని డబ్లిన్‌లో టూరు చేసేవాళ్ళు దాదాపు తప్పనిసరిగా వెళ్ళేది 1592లో స్థాపించిన ట్రినిటీ కాలేజీకి. అక్కడ వెయ్యేళ్ళు దాటిన బుక్ ఆఫ్ కెల్స్ అనే రాతప్రతి ఉంది. ప్రాంగణాన్ని నడిపిస్తూ కథ చెప్పేది కాలేజీ విద్యార్థులే. సందర్శకులకు కొన్ని వేళలు, కొన్ని దారులు కేటాయిస్తే తరగతి గదుల జోలికి ఎవరూ పోరు. మన దగ్గర కోఠిలో 1803లో బ్రిటిష్ రెసిడెంట్ కోసం కట్టిన భవనం దశాబ్దాలుగా మహిళా విద్యాసంస్థ ఆవరణలోనే ఉంది. శిథిలమై పడిపోయే దశలో దాన్ని బాగుచేసి, సందర్శకులకు తలుపులు తెరిచారు. అమ్మాయిల చదువు ఆగలేదు. ఉస్మానియాలో పొద్దున్నే నడకకు వచ్చే చుట్టుపక్కల కాలనీలవాళ్ళ రద్దీ ఎలాగూ ఉంది. ఆదివారం ఉదయం రెండు గంటలు, చరిత్ర శాఖ, తెలుగు, ఉర్దూ శాఖల విద్యార్థులే గైడ్లుగా, వాళ్ళకు తగిన పారితోషికం ఇచ్చి నడిపితే నష్టపోయేది ఎవరు? పరిశోధన చేస్తూ ఫెలోషిప్ కోసం ఎదురుచూసే పిల్లలకు అది గౌరవమైన చిన్న సంపాదన కూడా.

మూడోది అందరూ లోలోపల అనుకునేది, పైకి అనరు. ఈ చోటు కథ చెబితే గొడవలు రావా? నిజాంను పొగిడితే ఒకరికి కోపం, తిడితే ఇంకొకరికి కోపం. 1938, 1948, 1969, 1972, 2009 - ఏ ఏడాది ఎత్తినా ఏదో ఒక పక్షం నొచ్చుకుంటుంది. అందుకే రాజుల కథలు సులువు, వాళ్ళ తరఫున కొట్లాడేవాళ్ళు తక్కువ. ఈ భయానికి ఎడిన్‌బరో అనుభవం పనికొస్తుంది. అక్కడ కొత్త నగరం నడుమ హెన్రీ డండాస్ అనే రాజకీయ నాయకుడి విగ్రహం ఎత్తయిన స్తంభం మీద ఉంది. బానిస వ్యాపారం రద్దు ఆలస్యం కావడంలో ఆయన పాత్రను వివరిస్తూ 2021లో నగర పాలక మండలి ఆ స్తంభం కింద కొత్త ఫలకం పెట్టించింది. దాని మీద చరిత్రకారుల మధ్య, కుటుంబ వారసులతో వాదం నడుస్తూనే ఉంది. వాదం ఉన్నందుకు నగరం మూతపడలేదు, ఆ స్తంభం దగ్గర గైడు చెప్పే సంగతులు మరిన్ని అయ్యాయి. ఉస్మానియా గైడు కూడా తీర్పు చెప్పనక్కర్లేదు. ఉర్దూ మాధ్యమం తెచ్చిన కీర్తినీ, తెలుగువాళ్ళకు మిగిల్చిన వెలితినీ పక్కపక్కన పెట్టి చెబితే చాలు. దేశం నలుమూలల నుంచి, ప్రపంచం నుంచి వచ్చేవాళ్ళు పెద్దవాళ్ళు, వాళ్ళకు ఆలోచించడం వచ్చు. అయినా తన చరిత్ర గురించి వాదించుకోవడానికి వెరిచే విశ్వవిద్యాలయం ఇంకే వాదాన్ని నేర్పగలదు?

ప్రయోగశాలల లోపలికి పోనివ్వరు కదా, బయట నుంచి గోడ చూసి ఏం లాభం అన్న చిన్న అభ్యంతరం ఉంటుంది. సీఎస్‌ఐఆర్ సంస్థలు ఏటా సెప్టెంబరు చివర తమ స్థాపన దినం నాడు విద్యార్థులకు గేట్లు తెరుస్తాయి. కనుక ఆ సంప్రదాయం అసలు లేదనలేం. మిగతా రోజుల్లో గేటు పక్కన తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషుల్లో ఒక ఫలకం, నాలుగు ఫొటోలు, జొన్నకంకి బొమ్మ పెట్టి ఈ గోడ వెనుక ఏం తేలిందో రాస్తే చాలు. యూరప్ నగరాల్లో శాస్త్రవేత్త ఉన్న ఇంటి గోడకు బిగించిన పలక ముందే జనం ఆగి ఫొటో తీసుకుంటారు.

ఖర్చు విషయం చెప్పుకోవాలంటే చెప్పుకోవడానికి పెద్దగా లేదు. నాగోలు-రాయదుర్గం మార్గంలో తార్నాక మెట్రో స్టేషన్ ఉంది. ప్రాంగణం అంచున ఆర్ట్స్ కాలేజీ, జామియా ఉస్మానియా అనే రెండు రైల్వే స్టేషన్లున్నాయి. ఒక రాజధానిలో విశ్వవిద్యాలయం పేరు మీద రెండు స్టేషన్లుండటం కూడా టూరులో చెప్పదగ్గ సంగతే. తార్నాక చౌరస్తా నుంచి ఆర్ట్స్ కాలేజీ మెట్ల దాకా చెట్ల నీడన నడిచినా గంట పట్టదు. నడవలేని పెద్దలకు ఒక బ్యాటరీ బండి చాలు. దారిలో ఇఫ్లూ ఉంది - 1958లో ఇంగ్లిషు బోధన కోసం పెట్టిన సంస్థ, ఇప్పుడు కేంద్రీయ విశ్వవిద్యాలయం. ఉర్దూ కోసం కట్టిన ప్రాంగణం పక్కనే ఇంగ్లిషుకు ఒక విశ్వవిద్యాలయం ఉండటం మీద గైడు ఒక గంట మాట్లాడినా వినవచ్చు. 1888లో మొదలై పాత అరబీ రాతప్రతులను అచ్చువేస్తూ వస్తున్న దాయిరతుల్ మారిఫ్ కూడా ఈ ప్రాంగణంలోనే ఉంది.

రాష్ట్ర పర్యాటక శాఖ, విశ్వవిద్యాలయం అధికారులు ఒక్కసారి కలిసి కూర్చుంటే ఈ పూట టూరు వచ్చే చలికాలానికే మొదలుపెట్టవచ్చు. మొదటి విడతలో బయటివాళ్ళ కన్నా ముందు నగరంలోని బడిపిల్లలను తీసుకురండి. చార్మినార్ వాళ్ళు ఎలాగూ చూస్తారు. తమ ఊళ్ళో మామూలు మనుషులు ఏం సాధించారో చూసే హక్కు వాళ్ళకుంది, ఆ దారి తెరవడం మన బాధ్యత.